మీ అబ్బాయి తెచ్చిన పొంతె-కానె 2015: ఎప్పుడు తెరవాలి, ఆ సేంద్రియం మాట ఎంతవరకు నిజం

నమస్కారమండీ. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పారిస్‌లో ఉద్యోగంలో చేరిన మీ అబ్బాయి మొదటి జీతంతో షాతో పొంతె-కానె అనే రెడ్ వైన్, 2015 పంటది, ఒక సీసా కొని తెచ్చాడు. రెండు నెలలుగా అది హైదరాబాద్‌లో మీ ఇంట్లో బీరువా పై అరలో నిలబెట్టి ఉంది. ఫిబ్రవరిలో మీ ముప్పయ్యో పెళ్లిరోజు. అప్పుడు తెరవాలా, ఇంకో పదేళ్లు దాచాలా? కొట్లో అమ్మినాయన "ఇది రసాయన మందులు కొట్టకుండా, గుర్రాలతో దున్ని పండించిన తోట" అన్నాడట. అది నిజమా, వ్యాపారం కోసం చెప్పే మాటా? ఇంట్లో ఎవరికీ వైన్ అలవాటు లేదు కాబట్టి ఎలా తెరవాలో, దాంతో ఏం తినాలో కూడా అడిగారు.

ఫిబ్రవరిలోనే తెరవండి. ఇంకో ఎండాకాలం ఆ సీసాను మామూలు గదిలో ఉంచకండి. ఆ వైన్‌కి ఇంకా ఇరవై ఏళ్లు నిలిచే శక్తి ఉంది, కానీ అది చల్లటి నేలమాళిగలో పడుకున్న సీసా సంగతి. హైదరాబాద్ మే నెల సంగతి వేరు. ఇక అమ్మినాయన చెప్పింది నిజమే. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఆ తోటవాళ్లు ఒక ఏడాది మూడింట రెండు వంతుల పంట పోగొట్టుకున్నారు. ఆ కథ తెలిస్తే మీ అబ్బాయి ఎంత మంచి సీసా ఎంచుకున్నాడో మీకే అర్థమవుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నా గురించి రెండు మాటలు. మాది గూడూరు దగ్గర పల్లె, నిమ్మతోటల ఊరు. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరానికి వచ్చిన కొత్తలో రెండు సీజన్లు, దాని ఉత్తరాన ఉన్న మెడోక్ అనే వైన్ ప్రాంతంలో ద్రాక్ష కోతకు వెళ్లాను. తర్వాత పదిహేనేళ్లుగా ఇక్కడ వైన్ కొట్లోనే పని. పొంతె-కానె సీసాలు అమ్మాను, కస్టమర్ల కోసం తెరిచాను, వాటి మధ్య తేడాలు ఏటా రుచి చూస్తున్నాను.

ముందు ఒక్క పని చేయండి. సీసా మీద పేరు జాగ్రత్తగా చదవండి. "షాతో పొంతె-కానె" (Château Pontet-Canet) అని ఉంటే అది ఎస్టేట్ అసలు వైన్. "లె ఓ ద పొంతె-కానె" (Les Hauts de Pontet-Canet) అని ఉంటే అదే తోటలోని పళ్లతో చేసే రెండో వైన్. అది త్వరగా పక్వానికి వస్తుంది, ధరా తక్కువ. రెండోదైతే ఇంకేం ఆలోచించక్కర్లేదు, హాయిగా తెరిచేయొచ్చు. కింద రాసేదంతా మొదటి వైన్ గురించి.

ఈ తోట పొయాక్ అనే ఊళ్లో ఉంది. బోర్డో నగరానికి ఉత్తరంగా, జిరోండ్ నది ఎడమ ఒడ్డున. మెడోక్ గవర్నరుగా పనిచేసిన జాన్-ఫ్రాన్స్వా ద పొంతె 18వ శతాబ్దం మొదట్లో ఇక్కడ భూమి కొని తీగలు నాటించాడు. ఆ తర్వాత పక్కనే కానె అనే చోట ఉన్న చెక్కలు కూడా కలిశాయి. రెండు పేర్లూ కలిపి పొంతె-కానె. ఇప్పుడు తోట 81 హెక్టార్లు, మన లెక్కలో రెండు వందల ఎకరాలు. మౌటన్ రోథ్‌షీల్డ్ తోట దీని పొరుగే. మట్టి అంటే ఎక్కువగా గులకరాళ్లే. వానపడితే నీరు నిలవదు, పగలు పీల్చిన వేడిని రాత్రి వదులుతాయి. ఆలస్యంగా పండే కాబెర్నె సోవిన్యోఁ ద్రాక్షకి ఇలాంటి నేలే కావాలి. తోటలో సగానికి పైగా అదే రకం. తర్వాత మెర్లో, కొద్దిగా కాబెర్నె ఫ్రాఁ, ఇంకా కొద్దిగా పెతీ వెర్దో.

1855లో పారిస్ ప్రపంచ ప్రదర్శన కోసం మూడో నెపోలియన్ అడిగితే, బోర్డో వైన్ దళారులు మెడోక్ ఎస్టేట్లను ఐదు తరగతులుగా జాబితా రాశారు. పొంతె-కానె అందులో ఐదో తరగతి. ఐదో తరగతి అనగానే చిన్నచూపు చూడకండి. మొత్తం ప్రాంతంలో అరవై చిల్లర ఎస్టేట్లకే ఆ జాబితాలో చోటు దొరికింది, తరగతులు కూడా ఆనాటి అమ్మకం ధరలను బట్టి వేసినవి. నూట డెబ్బై ఏళ్లలో అందులో తరగతి మారింది ఒక్కటే: మౌటన్ 1973లో రెండో తరగతి నుంచి మొదటికి ఎక్కింది. కాబట్టి పొంతె-కానె ఎంత ఎదిగినా లేబుల్ మీద హోదా అదే. ధర మాత్రం ఎప్పుడో ఆ హోదా దాటిపోయింది.

అయితే ఈ తోట ఎప్పుడూ ఇలా లేదు. 1865లో క్రూజ్ అనే వైన్ వర్తకుల కుటుంబం కొని 110 ఏళ్లు ఉంచుకుంది. వాళ్ల కాలంలో చాలా ఏళ్లు వైన్ తోటలో సీసాల్లోకి ఎక్కేదే కాదు. పీపాల్లో బోర్డో నగరానికి వెళ్లి వర్తకుల గోదాముల్లో నిండేది. ఫ్రెంచి రైళ్లలోని భోజనశాలలకు ఏ ఏడాది పంటో కూడా రాయకుండా అమ్మిన రోజులున్నాయి. తోటలోనే సీసాలు నింపడం 1972లో గానీ మొదలవలేదు. 1975లో కొన్యాక్ అనే బ్రాందీ వ్యాపారి గీ తెస్రోఁ దీన్ని కొన్నారు. ఆయన కొడుకు ఆల్ఫ్రెడ్ తెస్రోఁ చేతికి 1994లో వచ్చింది. ఆ ఆల్ఫ్రెడ్ గారు, 2020 దాకా తోట బాధ్యత చూసిన జాన్-మిషెల్ కోమ్ కలిసి చేసిన పనే మీ సీసాలో ఉంది.

ఇప్పుడు మీ అసలు అనుమానానికి వస్తాను.

మెడోక్‌లో రసాయన మందు లేకుండా ద్రాక్ష పండించడం ఎందుకంత కష్టమో ముందు తెలియాలి. ఫ్రాన్స్ దక్షిణాన పొడిగాలి వీస్తుంది, వాన తక్కువ. అక్కడ సేంద్రియం కొంత సులువు. మెడోక్‌కి ఒక పక్క అట్లాంటిక్ సముద్రం, ఇంకో పక్క నది. వసంతంలో వాన, వెంటనే ఉక్క. బూజు తెగులుకి అంతకన్నా ఏం కావాలి? మన నిమ్మ, బత్తాయి రైతులకు బోర్డో మిశ్రమం తెలియనిది కాదు. మా నాన్న ఏటా బంక తెగులు రాకుండా నిమ్మచెట్ల మొదళ్లకు బోర్డో పేస్టు పూసేవాడు. ఆ "బోర్డో" ఈ ఊరే అని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. 1882లో బోర్డో ప్రొఫెసర్ మిల్లార్దె ఈ మెడోక్‌లోనే, సెంట్-జూలియెన్ దగ్గర నడుస్తూ ఒక వింత చూశాడు. అమెరికా నుంచి వచ్చిన కొత్త బూజు తెగులుకి తోటంతా ఆకు రాలిపోతుంటే దారి పక్క వరుసలు మాత్రం పచ్చగా ఉన్నాయి. దారిన పోయేవాళ్లు పళ్లు కోసుకు తినకుండా తోటవాళ్లు ఆ వరుసల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లారట. అది పట్టుకుని పరిశోధించి 1885లో ప్రకటించాడు. ప్రపంచానికి ఆ మందు ఇచ్చిన నేల ఇది. ఎందుకిచ్చిందంటే, తెగులు ఇక్కడ అంత ఘోరంగా ఉంటుంది కాబట్టి.

అలాంటిచోట 2004లో పొంతె-కానె 14 హెక్టార్లలో బయోడైనమిక్ సాగు (సేంద్రియంలోనే ఇంకో పద్ధతి, కింద వివరిస్తాను) మొదలుపెట్టి, మరుసటి ఏడాదికి తోటంతా అదే పద్ధతికి మార్చింది. 2007లో వాన ఆగలేదు, బూజు తెగులు విరుచుకుపడింది. పంట పోతుందన్న టెన్షన్‌లో ఆల్ఫ్రెడ్ గారు రసాయన మందు కొట్టించారు. పంట నిలిచింది, కానీ అప్పటిదాకా పడిన శ్రమంతా ధ్రువీకరణ లెక్కలో చెల్లకుండా పోయింది. మళ్లీ మొదటి నుంచి. ఆ నిర్ణయం తప్పని ఆయన తర్వాత చాలాసార్లు బయటే ఒప్పుకున్నారు. చివరికి 2010 పంటకి సేంద్రియ, బయోడైనమిక్ ధ్రువీకరణ వచ్చింది. 1855 జాబితాలోని పెద్ద పేర్లలో ఆ దారిలో ముందు నడిచింది వీళ్లే. పామర్, లతూర్ లాంటివి తర్వాత వచ్చాయి.

అసలు పరీక్ష 2018లో వచ్చింది. మళ్లీ అదే తడి వసంతం, అదే తెగులు, ఈసారి ఇంకా తీవ్రంగా. ఆ జూన్‌లో నేను పొయాక్ వైపు వెళ్లినప్పుడు సేంద్రియ తోటలన్నీ ఒకేలా కనిపించాయి: ఆకు అడుగున తెల్లటి బూజు, గుత్తుల్లో గోధుమరంగులో ముడుచుకుపోయిన గింజలు. పొంతె-కానె ఆ ఏడు సుమారు మూడింట రెండు వంతుల పంట పోగొట్టుకుంది. చేతిలో డబ్బుంది, మందు బజార్లో ఉంది, ఒక్క సంతకం చాలు. కొట్టలేదు. ఉన్న మూడో వంతుతోనే వైన్ చేశారు. పదకొండేళ్ల కిందట చేసిన పనిని ఈసారి చేయలేదు. అమ్మినాయన మాట నిజమా అని మీరు అడిగిన దానికి నా దృష్టిలో ఇంతకన్నా పెద్ద సాక్ష్యం లేదు. నిమ్మ ధర పడిపోయిన ఏడు మా నాన్న ముఖం చూసినవాడిని కాబట్టి, పంట పోతుంటే చేతులు కట్టుకుని నిలబడటం రైతుకి ఎంత నరకమో నాకు తెలుసు.

గుర్రాల మాట కూడా నిజమే. 2008 నుంచి కొంత భాగాన్ని బ్రిటనీ జాతి బరువు గుర్రాలతో దున్నడం మొదలుపెట్టారు. అలంకారం కోసం కాదు. ట్రాక్టరు ఏటా అదే చాలులో పదేపదే తిరిగితే నేల రాయిలా బిగుసుకుపోతుంది, గాలి ఆడదు, వేరు లోతుకు పోదు. గుర్రం అడుగు ఎక్కడ పడితే అక్కడ పడుతుంది కాబట్టి నేల ఒకే గీత మీద అణగదు. రెండు వందల ఎకరాలూ గుర్రాలతోనే జరుగుతాయని మాత్రం అనుకోకండి. ట్రాక్టర్లు కూడా ఉన్నాయి.

బయోడైనమిక్ అంటే ఏమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ నాకు కొంత భిన్నాభిప్రాయం ఉంది. 1924లో ఆస్ట్రియాకు చెందిన రుడోల్ఫ్ స్టైనర్ ఇచ్చిన ప్రసంగాల నుంచి పుట్టిన పద్ధతి ఇది. ఆవు కొమ్ములో పేడ నింపి చలికాలమంతా నేలలో పాతిపెట్టి, తర్వాత తీసి నీళ్లలో గంటసేపు కలియతిప్పి తోటలో చల్లుతారు. దురదగొండి, చామంతి లాంటి మొక్కల కషాయాలు పిచికారీ చేస్తారు. చంద్రుడి గమనం చూసి పనులు పెట్టుకుంటారు. మన దగ్గర జీవామృతం, పంచగవ్య వాడే రైతులకు ఇందులో సగం ఇంటి మాటలాగే ఉంటుంది. చంద్రుడి లెక్కకి, కొమ్ము మహిమకి శాస్త్రీయ రుజువు లేదు. నేను వాటిని నమ్మి సీసా అమ్మను. కానీ ఈ పద్ధతిలో మనిషి ప్రతి వరుసలో పదేపదే నడవాల్సి వస్తుంది, తెగులు వచ్చాక మందు అనే దారి మూసుకుపోతుంది కాబట్టి రాకముందే కళ్లు తెరుచుకుని ఉండాలి. ఆ శ్రద్ధ ఫలితం మాత్రం నేను గ్లాసులో చూశాను. ఉదాహరణకి ఇక్కడ తీగ చిగుళ్లను యంత్రంతో కత్తిరించడం మానేసి, పెరిగిన కొమ్మలను పై తీగకు జడలా అల్లుతారు. కత్తిరించిన ప్రతిసారీ తీగ బలమంతా కొత్త చిగుళ్లకు పోతుంది, అల్లితే అది పండులో ఉంటుంది. ఇలాంటి పనికి మనుషులు కావాలి, ధరలో కొంత అదే.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. సేంద్రియం అంటే అసలు మందే కొట్టరని కాదు. రాగి, గంధకం కొడతారు. బూజుకి వాళ్ల చేతిలో ఉన్నది ప్రధానంగా ఆ పాత బోర్డో మిశ్రమమే. రాగి నేలలో పేరుకుంటుంది, వానపాములకు మంచిది కాదు. అందుకే యూరోప్‌లో హెక్టారుకి ఏడేళ్లలో 28 కిలోల రాగికి మించకూడదని పరిమితి ఉంది. "రసాయనం లేకుండా" అన్న అమ్మకందారు మాటని మీరు "కృత్రిమ పురుగుమందులు, కలుపుమందులు లేకుండా" అని అర్థం చేసుకుంటే సరిపోతుంది.

లేబుళ్ల మీద పచ్చ గుర్తులన్నీ ఒకటి కాదు, మీ అబ్బాయి మళ్లీ కొనేటప్పుడు పనికొస్తుంది. "హెచ్‌వీఈ" అని ఫ్రాన్స్‌లో ఒక గుర్తు ఉంది, పర్యావరణ విలువ ఎక్కువ అని దాని అర్థం. దాని కింద కృత్రిమ మందులు కొట్టినా అభ్యంతరం లేదు. ఆకుపచ్చ మీద ఆకు ఆకారంలో తెల్లటి నక్షత్రాలున్న యూరోప్ సేంద్రియ గుర్తు అంతకన్నా గట్టిది. దానిపైన డెమెటర్, బయోడివాఁ అనేవి బయోడైనమిక్ గుర్తులు. "సస్టైనబుల్" అని ఊరికే రాసి ఏ గుర్తూ లేకపోతే ఆ మాటకి నేను విలువ ఇవ్వను.

వైన్ తయారీ గురించి ఒక్కటి చెప్పి సీసా దగ్గరికి వస్తాను. 2012 పంట నుంచి వీళ్లు వైన్‌లో మూడో వంతుకు పైగా పీపాల్లో కాకుండా 900 లీటర్ల కాంక్రీటు కాగుల్లో ఊరబెడుతున్నారు. పూర్వం రోమన్లు వాడిన పెద్ద మట్టికాగుల ఆకారం, అందులో తోటలోని గులకరాయే కలిపి పోతపోశారు. మిగతాది ఎక్కువగా కొత్త ఓక్ పీపాల్లో. చెక్క వైన్‌కి వెనిల్లా, పొగ, మసాలా వాసన ఇస్తుంది. కాగు గాలిని కొద్దిగా రానిస్తుంది కానీ తన రుచి కలపదు. అందుకే 2012 తర్వాతి పొంతె-కానెలో చెక్క వాసన తగ్గి పండు వాసన ముందుకొచ్చింది. మీ 2015 కూడా ఆ కోవలోదే. ఆ ఏడు బోర్డోలో వేసవి తొలి సగం ఎండ బాగా కాసి, ఆగస్టులో కావలసినంత వాన పడింది. వైన్ నిండుగా, మెత్తగా వచ్చింది. 2010 అయితే ఇంకా బిగుసుకుని ఉందనేవాడిని, 2015ని పదేళ్లకు తెరిస్తే తప్పు లేదు.

ఇక ఎండ సంగతి. వైన్ దాచడానికి 12 నుంచి 14 డిగ్రీలు మంచిది, అంతకన్నా ముఖ్యం వేడి మారకుండా ఉండటం. 30 దాటిన గదిలో వారాల తరబడి ఉంటే వైన్ వ్యాకోచించి బిరడాను పైకి తోస్తుంది, సందుల్లోంచి చెమ్మ కారుతుంది, లోపలికి గాలి పోతుంది. రుచి ఉడికిన జామ్‌లా, ఎండుద్రాక్షలా అయిపోతుంది. విజయవాడలో మా బంధువుల ఇంట్లో ఒకసారి ఇలాగే జరిగింది. నేనే ఇచ్చిన సీసా, రెండు ఎండాకాలాలు అటక మీద దాచారు, ప్రేమగానే. నేను వెళ్లినప్పుడు అందరి ముందూ తెరిచారు. బిరడా అప్పటికే అర అంగుళం పైకి వచ్చి ఉంది. మొదటి గుక్కలోనే తెలిసిపోయింది. దాచమని చెప్పిన నేను ఎక్కడ దాచాలో చెప్పకపోవడం నా తప్పు, అందుకే మీకు ఇంత నొక్కి చెబుతున్నాను.

మీ సీసా చలికాలంలో వచ్చింది కాబట్టి ఇప్పటిదాకా ఏమీ కాలేదనే అనుకుంటున్నాను. ఇప్పుడే దాన్ని పై అర నుంచి దించండి. ఇంట్లో పై అరలే వేడి. పాత వార్తాపత్రిక చుట్టి, కింది అరలో, బయటి గోడకి దూరంగా, అడ్డంగా పడుకోబెట్టండి. అడ్డంగా ఎందుకంటే బిరడా తడిగా ఉండాలి. నిలబెడితే నెలల తరబడి ఎండి కుంచించుకుపోతుంది. జనవరిలోనే మీ ఇంట్లో పగలు 28 దాటుతుంటే ఫ్రిజ్‌లో కూరగాయల ట్రేలో పడుకోబెట్టినా ఫర్వాలేదు. ఏళ్ల తరబడి ఫ్రిజ్ మంచిది కాదు, కానీ ఒకటి రెండు నెలలు వేడి గది కన్నా చాలా నయం. ఒకవేళ ఎలాగైనా దాచాలని మనసు లాగితే వైన్ కోసం చేసిన చిన్న కూలర్ ఉండాలి, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడవాలి. ఒక్క సీసా కోసం అంత ఖర్చు పెట్టమని నేను చెప్పను.

తెరిచే రోజు సంగతి. రెండు రోజుల ముందు సీసాను నిలబెట్టండి. పదేళ్ల వైన్ కాబట్టి అడుగున నల్లటి మడ్డి ఉంటుంది, అది కిందికి దిగాలి. మడ్డి కనిపిస్తే కల్తీ అనుకోకండి, రంగూ వగరూ కలిసి పేరుకున్నదే అది. తాగేముందు రెండు గంటల టైమ్ పెట్టుకుని బిరడా తీయండి. మామూలు మరచుట్టు తెరుపు (కార్క్‌స్క్రూ) చాలు, మర బిరడా మధ్యలో దిగేలా చూడండి, కానీ పూర్తిగా కిందికి దించకండి, ముక్కలు లోపల పడతాయి. తర్వాత ఒక శుభ్రమైన గాజు జగ్గులోకి నెమ్మదిగా, ఒకే ధారగా ఒంపండి. సీసా మెడ వెనక సెల్‌ఫోన్ లైటు పెట్టుకుంటే మడ్డి మెడ దాకా రావడం కనిపిస్తుంది, అక్కడ ఆపేయండి. స్టీలు జగ్గు వద్దు, రంగు కనిపించదు. గ్లాసులు సబ్బు వాసన లేకుండా వేడినీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, రుచి పాడవడానికి నేను చూసిన కారణాల్లో గ్లాసుల వాసన ముందు వరుసలో ఉంటుంది.

"రెడ్ వైన్ గది వేడిమిలో తాగాలి" అని ఎక్కడో చదివి ఉంటారు. ఆ గది పాతకాలం ఫ్రాన్స్ రాతి ఇంటి గది. 16 నుంచి 18 డిగ్రీలు. ఫిబ్రవరిలో మీ హాలు 27 ఉంటే జగ్గును ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. వేడెక్కిన రెడ్ వైన్‌లో ఆల్కహాలు ముక్కుకి కొడుతుంది, ఇంకేమీ తెలియదు.

వాసన చూసినప్పుడు తడిసిన అట్టపెట్టెలా, మూసి ఉంచిన గదిలా కొడితే అది బిరడా చెడినట్టు. ఎంత ఖరీదైన సీసాకైనా అప్పుడప్పుడూ జరుగుతుంది, మీ తప్పు కాదు. మీ అబ్బాయి రసీదు దాచి ఉంటే కొట్లో అడిగి చూడొచ్చు. బాగుంటే మాత్రం నేరేడు లాంటి నల్లటి పండు, సెడార్ చెక్క, పెన్సిల్ చెక్కినప్పటి వాసన, కొద్దిగా తడిమట్టి తెలుస్తాయి. పొయాక్ వైన్‌కి ఆ పెన్సిల్ వాసన ఇంటిపేరు లాంటిది. నాలుక మీద మొదట వగరు తగులుతుంది, పచ్చి కరక్కాయ అంత కాదు, బాగా మరిగిన డికాక్షన్ అంత. అలవాటు లేనివాళ్లకి మొదటి గుక్క నచ్చకపోవచ్చు. తిండితో రెండో గుక్క తీసుకోమనండి.

తిండి విషయంలో కారం, పులుపు రెండూ తగ్గించండి. ఇది నేను మన రుచులను చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు. పచ్చిమిర్చి కారం వైన్ వగరునీ ఆల్కహాలునీ రెట్టింపు చేసి నోరు మండిస్తుంది, చింతపండు, గోంగూర పులుపు ముందు వైన్ చప్పబడిపోతుంది. గోంగూర మాంసం మా ఇంట్లో పండగ వంటే, కానీ ఆ రోజుకి వద్దు. పొయాక్ ఊరు పాలు తాగే గొర్రెపిల్ల మాంసానికి పేరుపొందింది, ఈ వైన్‌కి అక్కడివాళ్లు వండుకునేది అదే. మీకు హైదరాబాద్‌లోనే దానికి దీటైనది ఉంది: పత్తర్ కా గోష్త్. రాతి మీద కాల్చిన లేత మాంసం, మిరియాల ఘాటు, పొగ వాసన. ఇంతకన్నా చక్కటి జోడీ నాకు తట్టడం లేదు. నిరుడు బోర్డోలో మా ఇంట్లో మిరియాలు, వెల్లుల్లి, నెయ్యి వేసి మటన్ వేపుడు చేసి పొంతె-కానె 2012 తెరిచాను. మా పక్కింటి ఫ్రెంచి పెద్దాయన రెండోసారి వడ్డించుకున్నాడు. దమ్ బిర్యానీ అయితే మిర్చి కా సాలన్ మానేసి, మసాలా తక్కువ వేయమనండి. మాంసం తిననివాళ్లకు మిరియాలు, నెయ్యితో పుట్టగొడుగుల వేపుడు, నిప్పుల మీద కాల్చిన వంకాయ బాగుంటాయి. తీపి మాత్రం వైన్ అయిపోయాకే. డబుల్ కా మీఠా తిని ఇది తాగితే చేదెక్కుతుంది.

750 మిల్లీలీటర్ల సీసా, ఆరుగురికి తలా ఒక చిన్న గ్లాసు వస్తుంది. ఈ వైన్ రుచి చూడటానికి అంత చాలు. ఇంట్లో ఎవరైనా వద్దంటే బలవంతపెట్టకండి. "సల్ఫైట్లు ఉన్నాయి" అని లేబుల్ మీద చూసి భయపడుతున్నారని రాశారు. అవి వైన్ చెడకుండా వాడే గంధకపు పదార్థాలు. యూరోప్‌లో మామూలు రెడ్ వైన్‌కి లీటరుకు 150 మిల్లీగ్రాముల దాకా అనుమతి, సేంద్రియానికి 100. ఉబ్బసం ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగి తాగడం మంచిది. మిగిలితే బిరడా తిప్పి పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు రాత్రికి ముగించండి. ఎండు మాంసం కూరలో పోసినా వృథా కాదు గానీ, ఈ వైన్‌ని కూరలో పోయమని చెప్పడానికి నాకు మనసు రాదు.

మీ అబ్బాయికి ఒక సలహా. ఇంకో సీసా కొంటే ఇండియాకి తేకుండా పారిస్‌లోనే చల్లని నేలమాళిగ ఉన్నచోట పెట్టుకోమనండి. అతనికి 2018 దొరికితే వదలొద్దు. తెగులుకి పోగా మిగిలిన పంట అది, గుత్తికి నాలుగు పళ్లు నిలిచాయా అన్నట్టుగా వచ్చింది, వైన్ చిక్కగా, గంభీరంగా ఉంది. ఇప్పుడే తెరవడానికి తొందరెక్కువ, 2030 దాటాక చూసుకోవచ్చు.

మీరు తెరిచిన రోజు బిరడా ఫొటో ఒకటి తీసి ఇక్కడే పెట్టండి. ఎరుపు మరక బిరడా అడుగు వరకే ఉంటే వేడి తగలనట్టు. పక్కల మీదుగా పైదాకా పాకి ఉంటే కొంత తగిలినట్టు. చూసి చెబుతాను.